మెడ బిళ్ళను కోయించవద్దంటున్న సందేశానికి జవాబు

ఈ నెలలో ఒకే సందేశాన్ని ఐదుగురు మిత్రులు నాకు పంపారు. వైరల్ జ్వరం తర్వాత మెడలో బిళ్ళలు కడితే అది కికుచి అనే కొత్త అంటువ్యాధి అనీ, క్యాన్సర్‌కు తొలిమెట్టు అనీ, కోయిస్తే ఒళ్ళంతా పాకుతుందనీ, స్టెరాయిడ్ మాత్రలతో కరిగిపోతుందనీ, ఆ తర్వాత డాక్టరుతో పనే ఉండదనీ దాని సారాంశం. పంపినవారంతా మేలు కోరేవారే కాబట్టి ఇంతకాలం ఊరుకున్నాను. ఇక ఊరుకోలేను.

కికుచి అనే ఈ లింఫు గ్రంథుల వాపు కొత్త జబ్బు కాదు. జపాన్‌లో కికుచి, ఫుజిమోటో అనే వైద్యులు 1972లోనే దీన్ని విడివిడిగా వర్ణించారు. ఒకరి నుంచి మరొకరికి అంటుకునేదీ కాదు, క్యాన్సరూ కాదు. వైరస్ మాటకొస్తే, ఎప్‌స్టీన్-బార్ మొదలుకొని పార్వోవైరస్ బి19 దాకా చాలా వాటిని అనుమానించారు గాని, ఫలానా వైరసే కారణమని ఇంతవరకు రుజువు కాలేదు. ఏదో ఒక ఇన్ఫెక్షన్‌కు శరీర రక్షణ వ్యవస్థ అతిగా స్పందించడం వల్ల ఇది వస్తుందన్నదే ఎక్కువమంది నిపుణుల అభిప్రాయం.

నన్ను నిజంగా కలవరపెట్టింది బయాప్సీ (గ్రంథిని కోసి తీసి చేసే పరీక్ష) వద్దన్న మాట. మా అక్క కూతురికి పంతొమ్మిదేళ్ళు. మెడకు ఎడమవైపున, చెవి కింద, నొక్కితే నొప్పిపుట్టే మూడు బిళ్ళలు కట్టి, సాయంత్రమయ్యేసరికి జ్వరం వచ్చేది. నెల దాటినా తగ్గకపోవడంతో డాక్టరు బయాప్సీ చేయించమంటే, ఈ సందేశం చూసి ఇంట్లోవాళ్ళు మరో మూడు వారాలు ఆపేశారు. జ్వరం, బరువు తగ్గడం, మెడ బిళ్ళలు కికుచిలో ఉన్నట్టే లింఫోమా అనే లింఫు గ్రంథుల క్యాన్సర్‌లోనూ ఉంటాయి, క్షయలోనూ ఉంటాయి. వేలితో తడిమి ఏది ఏదో తేల్చగల మనిషి లేడు. సూదితో తీసే పరీక్షలో కొన్ని కణాలే చిక్కుతాయి గనుక గ్రంథి లోపలి అమరిక అందులో కనిపించదు. గ్రంథిని తీసి పరీక్షిస్తేనే, చచ్చిన కణాల పొడి మధ్య నెలవంకలా వంగిన కేంద్రకాలున్న కణాలు గుంపులుగా ఉండటమూ, అంత కణనాశనం జరిగిన చోట ఉండవలసిన న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు దాదాపు లేకపోవడమూ పాథాలజిస్టు కంటపడతాయి. మా పిల్లకు కికుచి అని తేలింది అలాగే. "చూశావా, సందేశంలో చెప్పిందే నిజమైంది" అని ఇప్పుడు బంధువులు నాతో అంటున్నారు! కోయించబట్టే గదా ఆ పేరైనా తెలిసింది? అది లింఫోమా అయివుంటే పోగొట్టుకున్న ఆ మూడు వారాలను ఈ సందేశం రాసినవారు తిరిగి ఇవ్వగలరా? కోతకు ముందే ఉన్న క్యాన్సర్ కోత తర్వాత బయటపడితే, కోత వల్లే పాకిందనుకోవడం నుంచి పుట్టిందే కోయిస్తే పాకుతుందన్న ఈ భయం.

స్టెరాయిడ్ సలహా దీనికి తోడు దొంగ. లింఫోమా గడ్డ కూడా స్టెరాయిడ్‌కు కొన్నాళ్ళు కరుగుతుంది, ఆ తర్వాత చేసిన బయాప్సీలో జబ్బు ఆనవాళ్ళు చెదిరిపోతాయి. క్షయ అయితే మరింత ముదురుతుంది. కికుచి చాలామందిలో ఒకటి నుంచి నాలుగు నెలల్లో దానంతటదే తగ్గిపోతుంది. జ్వరానికీ నొప్పికీ మందు చాలు; తీవ్రమైన కేసుల్లోనే, అదీ జబ్బు నిర్ధారణ అయ్యాకే, స్టెరాయిడ్ ఇస్తారు.

అయితే ఆ సందేశంలో ఒక వాక్యాన్ని మాత్రం నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను: బిళ్ళ కనబడగానే, ఏ ఆధారమూ లేకుండా క్షయ మందులు మొదలుపెట్టవద్దన్నది. కికుచి ఉన్నవారు క్షయ పేరుతో నెలల తరబడి ఆ మందులు మింగిన సందర్భాలు వైద్య పత్రికల్లోనే నమోదయ్యాయి. గొంతునొప్పితో పాటు వచ్చి రెండు మూడు వారాల్లో తగ్గిపోయే ప్రతి బిళ్ళకూ కోత అక్కర్లేదని కూడా ఒప్పుకుంటాను.

తగ్గాక డాక్టరుతో పని లేదన్న మాటను మాత్రం ఒప్పుకోను. నూటికి ముగ్గురు నలుగురిలో ఇది మళ్ళీ వస్తుంది. కొందరిలో దీనికి ముందో, దీనితో పాటో, ఏళ్ళ తర్వాతో లూపస్ (రక్షణ వ్యవస్థ సొంత శరీరం మీదే దాడిచేసే జబ్బు) బయటపడుతుంది. కీళ్ళ నొప్పులు, ఎండ తగిలితే ముఖం మీద ఎర్రటి దద్దుర్లు, నోటిపూత కనిపిస్తే వెంటనే రమ్మని మా పిల్లకు డాక్టరు చెప్పారు. బిళ్ళలు పూర్తిగా మాయమైనా, ఆరు నెలలకోసారి ఆమెను రక్తపరీక్షకు తీసుకువెళుతూనే ఉన్నాం.