పళ్ళ బ్లేడు బిగించినంత మాత్రాన గ్రైండర్ రంపం కాదు

ఇంట్లో చిన్నచిన్న వడ్రంగం పనులు చేసుకొనేవారి మధ్య ఒక సందేశం చాలాకాలంగా తిరుగుతోంది. చేత్తో పట్టుకొని బిళ్ళ తిప్పే నాలుగంగుళాల గ్రైండర్ (యాంగిల్ గ్రైండర్) ఒక్కటి కొంటే చాలట. పళ్ళ బ్లేడు బిగిస్తే అదే రంపం, రాయి బిగిస్తే ఉలికి సాన, గరుకు కాగితపు బిళ్ళ బిగిస్తే చెక్కను చదును చేసే చిత్రిక. అడ్డొచ్చే గార్డును, అంటే బ్లేడును కప్పే రేకును, తీసి పక్కన పెట్టాలట. మేస్త్రీలందరూ చేసేది ఇదేనన్నది చివర తగిలించిన సాక్ష్యం. నా దగ్గరా ఏళ్ళ తరబడి గ్రైండర్ ఉంది. ఇనుప ఊచ కోయాలన్నా, పాత గేటు తుప్పు గీకాలన్నా ఇంట్లో అంతకు మించిన పనిముట్టు లేదు. నా అభ్యంతరమంతా దానికి అంటగట్టిన ఈ మూడు పనుల గురించీ, గార్డు తీయమన్న సలహా గురించే.

మొదట రంపం సంగతి. కరెంటు రంపంలో బ్లేడు కన్నా దాని అడుగున ఉండే పలకే కీలకం. ఆ బ్లేడు ముందువైపు పళ్ళు కింది నుంచి పైకి తిరుగుతాయి కాబట్టి, కోత సాగుతున్నంతసేపూ చెక్క ఆ పలకకు అదుముకొనే ఉంటుంది. మన చేతికి మిగిలేది నెమ్మదిగా ముందుకు తోయడమే. గ్రైండర్‌కు అటువంటి పలక లేదు. నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరిగే పళ్ళను నిటారుగా, ఒకే లోతులో, ఒకే గీత మీద నిలిపి ఉంచవలసిన భారమంతా మణికట్టు మీద పడుతుంది. మణికట్టు వెంట్రుకవాసి వాలినా బ్లేడు కోతలో ఇరుక్కుంటుంది, ఇరుక్కున్న మరుక్షణం యంత్రం మొత్తం మన మీదికి ఎగురుతుంది. మన చెయ్యి ఎంత నిలకడగా ఉన్నా చెక్క నిలకడగా ఉంటుందన్న నమ్మకం లేదు. బాగా ఎండిన చెక్కలోనూ లోపల బిగువు ఉంటుంది. కోత సగం దాటేసరికి రెండు ముక్కలూ దగ్గరకు ముడుచుకొని బ్లేడును పట్టేస్తాయి.

వేపచెక్కతో పీట చేస్తూ నేను దీన్ని నేర్చుకున్నాను. రెండవ కాలు కోస్తుండగా బ్లేడు పట్టేసింది, గ్రైండర్ చేతిలోంచి జారి గచ్చు మీద పడింది. దాని స్విచ్చు ముందుకు తోసి వదిలేసే రకం, చెయ్యి తీసినా ఆగదు. గచ్చు మీద గిరగిరా తిరుగుతూ తన వైరును తానే కోసుకొని అప్పుడు ఆగింది. నేను చెప్పులైనా లేకుండా పక్కనే నిలబడి ఉన్నాను. పీట ఇప్పటికీ వాడుతున్నాము, దాని అంచున బ్లేడు పాకిన వంకర గాటు అలాగే ఉంది.

ఇంతా చేసి నాలుగంగుళాల బ్లేడులో సగం రెండంగుళాలు. అందులో నట్టూ గేరు తలా పోను చెక్కలోకి దిగేది అంగుళం చిల్లర మాత్రమే.

గార్డు తీసేయమన్న సలహా పుట్టింది ఇక్కడి నుంచే. లోతు చాలదని ఐదంగుళాల బ్లేడు తెస్తారు, అది గార్డులో పట్టదు, గార్డు ఊడుతుంది. బ్లేడు మీద గరిష్ఠ వేగం ముద్రించి ఉంటుంది; యంత్రం మీద రాసిన అంకెతో దాన్ని పోల్చి చూసేవారు అరుదు. ఐదంగుళాల పళ్ళ బ్లేడ్లలో చాలా వాటిపై ఆ అంకె గ్రైండర్ వేగం కన్నా తక్కువగానే ఉంటుంది. ఊడిన పన్ను ఏ దిక్కుకు వస్తుందో ఎవరూ చెప్పలేరు, దాన్ని ఆపేందుకు ఉన్నది ఆ ఒక్క రేకే.

ఉలి పదును విషయంలో ప్రాణభయం లేదు, పనిముట్టుకే చేటు. గ్రైండర్ రాయికి ఉలి ఆనించగానే అంచున రంగులు పాకడం మొదలవుతుంది: ముందు ఎండుగడ్డి రంగు, తరువాత గోధుమ, ఊదా, చివరకు నెమలికంఠం లాంటి నీలం. గడ్డి రంగుకు సుమారు 220 డిగ్రీలు, నీలానికి 300 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేరినట్లు లెక్క. కొలిమిలో కాల్చి ముంచి సాధించిన గట్టిదనం ఆ నీలంతోనే పోతుంది. చూడడానికి అంచు తళతళలాడుతుంది, టేకులో నాలుగు దెబ్బలు వేయగానే మడత పడుతుంది. మా నాన్నగారి ముప్పావు అంగుళం ఉలిని నేను ఇలాగే పాడుచేసి, నీలం తిరిగిన మేరకు మొత్తం సానరాయి మీద అరగదీసి, రెండు సాయంత్రాలు కష్టపడ్డాను. డ్రిల్ బిట్టును అలాగే పదును పెడితే ఏమీ కాలేదు కదా అని కొందరు వాదిస్తారు. ఆ బిట్టు హైస్పీడ్ స్టీలు, చాలా ఎక్కువ వేడి దాకా గట్టిదనం వదలదు. ఉలి మామూలు కార్బన్ ఉక్కు. అంచు మరీ విరిగితే తప్ప ఉలికి యంత్రం అక్కర్లేదు. వీపును, అంటే వాలు లేని వైపును, సానరాయి మీద చదును చేసి, వాలును 25 డిగ్రీల దగ్గర నిలిపి, అవతలి వైపు వేలికి సన్నని గరుకు తగిలేదాకా రుద్దితే చాలు, పట్టేది పది నిమిషాలు.

గరుకు బిళ్ళ చిత్రికకు సాటి వస్తుందన్న మాట మీద ఎక్కువ చెప్పనక్కర్లేదు. అది చెక్కను చదును చేయదు, గుంటలు పెడుతుంది, ఒకచోట ఆగితే మాడుస్తుంది, గదినంతా సన్నని పొడితో నింపుతుంది. చెక్కపొడిని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చేర్చింది. చిత్రిక చెక్కను పెచ్చులుగా లేపుతోందని విసిగి యంత్రానికి మారినవారే ఎక్కువ. పలకను అటుదిటు తిప్పి, నార వాలిన వైపుకే నడిపితే చాలావరకు ఆ పెచ్చులు ఆగిపోతాయి.

ఇక మేస్త్రీల సాక్ష్యం. వాళ్ళ చేతిలో కనిపించేది చాలాసార్లు గ్రైండర్ కాదు, రాతి పలకలు కోసే మార్బుల్ కట్టర్. రెండూ నాలుగంగుళాలవే, రెండింటి మోతా ఒకటే, దూరం నుంచి చూసినవారు పొరబడడం సహజం. మార్బుల్ కట్టర్‌కు అడుగున పలక ఉంది, లోతు సరిచేసే మర ఉంది. కరెంటు రంపానికి ఉన్నట్లు దానంతటది మూసుకొనే కింది గార్డు మాత్రం ఉండదు, కాబట్టి అదీ చెక్కకు సరైన యంత్రమని నేను అనను.

ఏడాదికి రెండు అరలు, ఒక పీట చేసుకొనే ఇంటికి మంచి చేతిరంపం, చెక్కను కదలకుండా పట్టే రెండు బిగింపులు సరిపోతాయి. రంపం మధ్యలో పట్టేస్తే కోతలో సన్నని చీలిక దూర్చి, బ్లేడుకు రెండు వైపులా కొవ్వొత్తి రుద్ది చూడండి.