రిటైర్డ్ మిలిటరీ జనరేటర్ గారికి ఒక రొయ్యల రైతు విన్నపం

గౌరవనీయులైన మిలిటరీ జనరేటర్ గారికి,

మైపాడు దగ్గర మూడు రొయ్యల గుంటలు (చెరువులు) సాగుచేసే రైతు దండం పెట్టి రాసుకుంటున్నది.

మీరు 2023లో మా గట్టు మీదికి వచ్చారు. మిమ్మల్ని లారీలోంచి దించేటప్పుడు పాత ఇనుము వ్యాపారి ఒకే మాటన్నాడు: "మిలిటరీ సరుకు నాయనా, సియాచిన్‌లో పెట్టినా తిరుగుతుంది." మరి మైపాడులో తిరుగుతుందా అని అడగాలని మాకు తట్టలేదు. మిలిటరీ హోటల్ బిర్యానీ, మిలిటరీ క్యాంటీన్ సీసా, మిలిటరీ జనరేటర్ - ఈ మూడింటి గురించి ఎదురు ప్రశ్న వేసే అలవాటు మా వైపు లేదు. మిలిటరీ వాళ్ళ వేలం సరుక్కి ఒకటే షరతట: ఉన్నది ఉన్నట్టు, ఉన్నచోట ఉన్నట్టు. పెళ్ళిచూపుల్లో కూడా ఇంతకంటే ఎక్కువే చెప్తారు.

మీ తయారీలో కొన్ని మార్పులు కోరుతూ ఈ లేఖ. ముందు మీ రంగు. శత్రువు విమానంలోంచి చూసినా కనపడకూడదని వేసిన ఆకుపచ్చ. మిమ్మల్ని సర్కారు తుమ్మ పక్కన నిలబెట్టాం. ఒక రాత్రి మూడింటికి కరెంటు పోతే మా కాపలా మనిషి టార్చి పట్టుకుని మీ ముందు నుంచే రెండుసార్లు పరిగెత్తాడు. రంగు బ్రహ్మాండంగా పనిచేస్తోంది, అందులో అనుమానం లేదు. ఆయుధపూజకి పిలకాయలు మీ నుదుట ఇంత పసుపు, కుంకుమ పూశారు గనుక ఇప్పుడు కాస్త ఆనవాలు దొరుకుతోంది. ప్యానెల్ దీపానికి కూడా వెలుగు బయటికి పొక్కకుండా టోపీ పెట్టారు. వోల్టు మీటరు చూడాలంటే మోకాళ్ళ మీద కూర్చోవాలి. బకింగ్‌హామ్ కాలువ అవతల మాకు శత్రువులెవరూ లేరండీ. ఉన్నా వాళ్ళకి మేం ఎక్కడుంటామో తెలుసు.

మా యుద్ధం వేరు. పగలు గుంటలో పచ్చదనం ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రయితే అదే తిరిగి తాగేస్తుంది. తెల్లవారుజాముకి డీఓ, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, అడుగంటుతుంది. లీటరు నీళ్ళలో నాలుగు మిల్లీగ్రాములుంటే నిద్ర పడుతుంది, మూడు కిందికి దిగితే టెన్షన్. ఆ వేళప్పుడు తెడ్లతో నీళ్ళు చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతే వనామీ రొయ్య పైకి తేలి గట్టు వెంబడి చేరుతుంది. సీడ్ (రొయ్య పిల్లలు) ఎంత ఒత్తుగా వదిలితే మనకు మిగిలే గడువు అంత తక్కువ. యాభై కౌంటుకి (కిలోకి యాభై రొయ్యలు) వచ్చిన పంట ఒక్క అరగంటలో పోయినవాళ్ళు మా మండలంలోనే ఉన్నారు. మీరు సరిహద్దులో చూసిన అరగంటలు ఇంతకంటే పెద్దవేం కాదు.

అలాంటి అరగంటలో మీకు 24 వోల్టులు కావాలి. రెండు బ్యాటరీలు, వరసగా కలిపి. మా ట్రాక్టరుది 12. దాంతో సెల్ఫ్ కొడితే మీరు "టక్" అంటారు, మళ్ళీ "టక్" అంటారు, అంతే. అమెరికా సైన్యంలో మీ బంధువు ఎంఈపీ-803ఏ గారికైతే ఒక సాకెట్ ఉంటుంది. బ్యాటరీ దిగిపోతే దారిన పోయే మిలిటరీ వాహనాన్ని ఆపి, దాన్నుంచి కేబుల్ తగిలించి స్టార్టు చేసుకోవచ్చు. చాలా ముందుచూపు. మైపాడు రోడ్డులో తెల్లవారుజామున మూడింటికి తిరిగేవి మేత లారీ, ఐసు లారీ, ఒక పాల బండి. తమరు వీటిలో దేంతోనైనా సర్దుకోగలరా?

ఆ అమెరికా బంధువులకే 'బ్యాటిల్ షార్ట్' అని ఇంకో స్విచ్ ఉంటుంది. మామూలుగా ఆయిల్ ప్రెజర్ పడిపోయినా, ఇంజను కాగిపోయినా సెట్టు దానంతటదే ఆగిపోవాలి. యుద్ధం మధ్యలో అలా ఆగితే మనుషుల ప్రాణాలు పోతాయి గనుక, ఇంజను పోయినా ఫర్వాలేదు తిరుగు అని చెప్పే స్విచ్ అది. దానిమీద మూత ఉంటుంది, తప్పనిసరైతేనే తియ్యాలి. ఇది విన్నప్పుడు మా మెకానిక్ నవ్వాడు. ఆ పని ఆయన మీకు మొదటి నెలలోనే జానెడు వైరు ముక్కతో చేసేశాడు. మూత లేదు, స్విచ్ లేదు, యుద్ధం ముగియడం అనేది కూడా లేదు. ఇంత చవకైన మార్పు మీ డిజైనర్లకి ఎందుకు తట్టలేదో!

మీ తమ్ముడి సంగతి కూడా చెప్పాలి. చవగ్గా వచ్చిందని మా పక్క గుంటాయన ఒక మిలిటరీ సెట్టు తెచ్చుకున్నాడు. చిన్నగా, ముద్దుగా ఉంది. ఏరియేటర్లకి తగిలిస్తే ఒక్క తెడ్డూ కదల్లేదు, మోటార్లు మాత్రం దోమల్లాగా సన్నగా ఏడ్చాయి. ప్లేటు మీద చూస్తే 400 హెర్ట్జ్. విమానాలకి ఇచ్చే కరెంటది. ఫ్రీక్వెన్సీ పెరిగితే విమానంలో సామాను చిన్నదవుతుంది, బరువు తగ్గుతుంది. మన మోటార్లకి కావలసింది 50. లెక్క ప్రకారమైతే నాలుగు పోళ్ళ మోటారు నిమిషానికి పన్నెండు వేల చుట్లు తిరగాలి. తిరిగి ఉంటే రొయ్యలు నేరుగా కృష్ణపట్నం పోర్టులోనే పడేవి, లారీ కిరాయి మిగిలేది. ఆయనిప్పుడు దాన్ని కోళ్ళగూడు చేశాడు. మిలిటరీ రేకు, ముంగిస కూడా దూరలేదు.

అన్నీ ఒకేసారి ఆన్ చెయ్యొద్దని మీరు ముక్కి మూలిగి చెప్తారు. నిజమే, మోటారు లేచేటప్పుడు ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది, పదీ కలిసి లేస్తే మీ మెడ వంగిపోతుంది. ఒక్కొక్కటిగా వెయ్యాలి. కానీ నిద్రలోంచి లేచి, లుంగీ ఒక చేత్తో పట్టుకుని వచ్చిన మనిషికి పది స్టార్టర్లు వరసగా లెక్కపెట్టుకుంటూ నొక్కే ఓపిక ఎక్కడిది? ఇంకోవైపు, మా మేనకోడలి పెళ్ళికి మిమ్మల్ని తీసుకెళ్ళి రాత్రంతా సీరియల్ బల్బులకి, ఒక మైకుసెట్టుకి తిప్పాం. అది సుఖమే కదా అనుకున్నాం. తెల్లారేసరికి సైలెన్సర్‌లోంచి నల్లటి జిడ్డు కారింది. బరువు (లోడు) లేకపోతే డీజిల్ పూర్తిగా కాలదట. బరువెక్కువైతే మూలుగు, తక్కువైతే చీమిడి. మా పెదనాన్న కూడా రిటైరయ్యాక ఇంతే.

నిజం ఒకటి ఒప్పుకోవాలి. ఆ ఏడాది డిసెంబరులో మిగ్‌జాం తుపాను వచ్చి స్తంభాలు ఒరిగితే, మాకు రెండు రోజులు కరెంటు లేదు. మీరు ఆగలేదు. గాలికి మా రేకుల షెడ్డు ఎగిరిపోయింది, మీరు వర్షంలో నిలబడి తిరిగారు. అప్పుడు మీ ఒంట్లో వ్యాపారి పోసిన కొత్త ఆయిల్ ఉంది, రెండు బ్యాటరీలూ ఉన్నాయి. అవి ఆ తర్వాత మా ఇంట్లో ఇన్వర్టరుకి వెళ్ళాయి. రేడియేటర్లో మంచినీళ్ళు ఉండేవి. ఇప్పుడు గుంట నీళ్ళు పోస్తున్నారని మొన్ననే తెలిసింది, అది కూడా రేడియేటర్ అంచున తెల్లటి ఉప్పు కట్టాక.

చివరి మనవి, మీ తలుపు లోపల బిగించిన ఆ రేకు. స్టార్టు చేసేముందు ఏం చూడాలి, తిరిగేటప్పుడు ఏం చూడాలి, ఆపాక ఏం చూడాలి - ఆయిల్, నీళ్ళు, బెల్టు, ఫిల్టరు - ఎంత పొడుగు జాబితా! చదివేలోపు పంట పోతుంది. ఇకమీద అలాంటిది పెట్టొద్దని మనవి. మీది మేం ఊడదీశాం. ఎలుకలు చేరకుండా మేత డ్రమ్ముకి మూతగా కొలత తీసినట్టు సరిపోయింది.

ఇట్లు,
తమరి మీదే ఆధారపడిన రైతు

తా.క.: రేపు లైను మీద పడుతున్న కొమ్మలు కొడతారట, పొద్దున తొమ్మిది నుంచి రెండింటి దాకా కరెంటుండదు. ట్రాక్టరు బ్యాటరీ ఒకటి ఊడదీసి పెట్టాం. రెండోది మా బామ్మర్ది ఇస్తానన్నాడు. సాయంత్రం నుంచి ఫోనెత్తడం లేదు.