చెయ్యి దింపింది ఎవరు?

మనిషి లోపలంతా మృగమే, నాగరికత పైన వేసుకున్న చొక్కా మాత్రమే అని కొందరంటారు కదా, సగమే ఒప్పుకుంటాను. పోయిన నెల సిగ్నల్ దగ్గర ఒకాయన స్కూటర్‌తో వెనక నుంచి నా బండిని గుద్ది, పైగా నన్నే తిట్టాడు. చెవులు వేడెక్కిపోయాయి, గుండె దడదడ, బండికి స్టాండ్ వేసి చెయ్యెత్తేశాను కూడా. అప్పుడు కనపడింది, స్కూటర్ ముందు నిలబడి ఉన్న చిన్న పాప, మెళ్లో వాటర్ బాటిల్, బిత్తరపోయి నా వైపే చూస్తోంది. చెయ్యి దానంతటదే దిగిపోయింది. ఆ క్షణంలో నాకు ఐపీసీ, అదేలెండి ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత, ఏదీ గుర్తు రాలేదు. కొట్టాలనిపించడం సహజమైతే ఆగిపోవడం కూడా సహజం కాదా?

చట్టాలేవీ తెలియని జంతువుల్లోనూ అన్యాయాన్ని సహించని గుణం కనిపిస్తుందేమో అనిపించే ప్రయోగం ఒకటుంది, 2003లో సారా బ్రాస్నన్, ఫ్రాన్స్ డి వాల్ అనే జంతు ప్రవర్తన శాస్త్రవేత్తలు కాపుచిన్ జాతి కోతులతో చేసింది. ఒకే పనికి పక్క కోతికి ద్రాక్షపండు ఇచ్చి తనకు దోసకాయ ముక్క ఇస్తే, మామూలుగా హాయిగా తినే ఆ ముక్కనే కొన్ని కోతులు వద్దన్నాయి, విసిరేశాయి కూడా. (మన పెళ్లి బంతిలో ఒకరికి రెండు బూరెలు, పక్కవాడికి ఒకటి వేసి చూడండి!)

చట్టాలు అక్కర్లేదని కాదు. పాప లేకపోతే ఆ రోజు కొట్టేసేవాణ్ణే, అబద్ధమెందుకు. కానిస్టేబుల్ ఉన్నా ఆగేవాణ్ణి, కానీ కోపాన్ని ఇంటిదాకా మోసుకొచ్చేవాణ్ణి. పగిలిన ఇండికేటర్ మాత్రం నా డబ్బుతోనే మార్పించుకున్నాను.