ఎవరికీ ఏమీ అర్థం కాకుండా అవగాహన సదస్సు

ఇస్లాం గురించి ఇరుగుపొరుగుకు అవగాహన కల్పించాలని చాలామంది ఉబలాటపడుతుంటారు. ఆ పని పొరపాటున నెరవేరిపోకుండా తీసుకోవాల్సిన జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి.

ముందు తేదీ. జర్మనీలో 1997 నుంచి ఏటా అక్టోబర్ 3న మసీదుల తలుపులు అందరికీ తెరుస్తున్నారు. ఆ రోజు అక్కడ జాతీయ సెలవు, జనం పిల్లాపాపలతో వచ్చేస్తారు. అంత ప్రమాదం మనకెందుకు? శుక్రవారం మధ్యాహ్నం పెట్టుకుంటే సరి. అతిథులు ఆఫీసుల్లో ఉంటారు, జవాబు చెప్పాల్సినవాళ్లు జుమా నమాజులో ఉంటారు.

ఆహ్వానాలు ఎప్పుడూ మన మాటకు తలూపేవాళ్లకే పంపాలి. అనుమానాలున్న మనిషి వస్తే అడుగుతాడు, అదొక తలనొప్పి. వేదిక మీది తలకాయలు కింద ఉన్నవాటికంటే ఎక్కువైతే సగం గెలిచినట్టే.

ఇక స్లైడ్లు. ముస్లింలు విధిగా ఇవ్వాల్సిన దానం గురించి 'జకాత్: 2.5 శాతం' అని పెద్దక్షరాల్లో వేసి ఆపేయాలి. వెనక వరసలోంచి ఎవరో "జీతంలోనా అండీ?" అంటారు. జీతంలో కాదనీ, అప్పులు పోను మిగిలిన సొమ్ము నిసాబు దాటి, అంటే చాలామంది లెక్కలో సుమారు 85 గ్రాముల బంగారం విలువ దాటి, చాంద్రమాన సంవత్సరం పాటు చేతిలో ఉంటేనే ఇవ్వాలనీ, అది ఎవరికి చెందాలో ఖురాన్ ఎనిమిది వర్గాలుగా చెప్పిందనీ రెండు నిమిషాల్లో తేలిపోతుంది. తేలనివ్వకండి. "ఇస్లాం దానధర్మాల మతం" అని తర్వాతి స్లైడుకు దూకండి. రంజాన్ ఏటా ఎందుకు ముందుకు జరుగుతుందన్నా అంతే. చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులు, అందుకే ఏటా పదకొండు రోజుల తేడా అని చెబితే పదేళ్ల పిల్లాడికైనా అర్థమవుతుంది. మరి వక్తకు గౌరవం ఏం మిగులుతుంది?

అసలు గండం సాయంత్రం వస్తుంది. ఉపన్యాసాలు సాగిసాగి మగ్రిబ్, అంటే సూర్యాస్తమయం తర్వాతి నమాజు, వేళయిందనుకోండి. అతిథులను వెనక కుర్చీల్లో కూర్చోబెట్టి చూడనిస్తే కొంప మునుగుతుంది. వజూ చేసి, అంటే నమాజుకు ముందు ముఖం, కాళ్లూ చేతులూ కడుక్కుని, తడి చేతులతో వచ్చినవాళ్లు భుజం భుజం ఆనించి వరసకట్టడం, హోదా చూడకుండా వచ్చినవాడు వచ్చినచోటే నిలబడటం, ఇమామ్ వెనక మూడు రకాతులు, అంటే నిలబడి, వంగి, సాష్టాంగపడే ఆవృత్తులు మూడు. మహా అయితే పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో తెలిసింది మన నలభై స్లైడ్లను చెడగొడుతుంది. కాబట్టి అతిథులను మరో గదిలోకి తోలి, అక్కడ నమాజు ఫొటో చూపించండి.

చివరగా ప్రశ్నల పెట్టె. స్త్రీలు ఎక్కడ నమాజు చేస్తారు, తలాక్ సంగతేంటి, హింస పేరెత్తితే మీరేమంటారు... ఇలాంటి చీటీలే పడతాయి. చదవాల్సింది మాత్రం నిర్వాహకుడు తన చేత్తో రాసి వేసిన చీటీ: "ఇస్లాంలో శాంతికి ఉన్న ప్రాధాన్యం వివరించగలరు." దానికి అరగంట జవాబు. మిగతా చీటీలతో సహా పెట్టెకు తాళం వేసి అటక మీద పెట్టేస్తే, వచ్చే ఏడాదికి కొత్త పెట్టె ఖర్చు కూడా ఉండదు.