అడ్డుపడిన మహనీయులకు జోహార్లు

బ్రిటన్‌లో రాజకీయ, సాంఘిక సంస్కరణల చరిత్ర రాసినవారంతా ఒక వర్గానికి తీరని అన్యాయం చేశారు. బానిసత్వాన్ని రద్దు చేయించినవారికి, ఓటు హక్కు సాధించినవారికి, బొగ్గు గనుల్లోంచి పిల్లలను బయటికి తెచ్చినవారికి అధ్యాయాలకు అధ్యాయాలు కేటాయించారు గానీ, ఆ పనులన్నీ ఒక్క వారంలో ముగిసిపోకుండా తరాల తరబడి కంటికి రెప్పలా కాపాడుకొచ్చిన పెద్దమనుషులను పేజీ అడుగున చిన్న అక్షరాల్లోకి నెట్టేశారు. అడ్డుపడేవాడే లేకపోతే సంస్కర్తకు పనేముంటుంది? అడిగిన రోజే ఇచ్చేసి ఉంటే రాసుకోవడానికి ఒక గెజిట్ ప్రకటన తప్ప చరిత్ర ఎక్కడిది? ఈ బాకీని కొంతైనా తీర్చడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా పొగగొట్టాల సంగతి చూడాలి, ఎందుకంటే ఓర్పుకు ఇంతకు మించిన ఉదాహరణ ఆ దేశ చరిత్రలోనే దొరకదు. ఇళ్ళలో బొగ్గు మండేది, గొట్టాల్లో మసి పేరుకునేది, తొమ్మిది అంగుళాల వెడల్పున్న ఆ గొట్టంలోకి దూరి మసి గోకాలంటే మనిషి అయిదారేళ్ళవాడై ఉండాలి. మోచేతులూ మోకాళ్ళూ గోడలకు ఒరుసుకుని చీరుకుపోకుండా చర్మం మొద్దుబారాలని, యజమాని ఆ పిల్లవాణ్ణి మండే పొయ్యి పక్కన నిలబెట్టి చిక్కటి ఉప్పునీటితో రుద్దేవాడు. ఈ పనిలో పెరిగినవారికి వృషణాల దగ్గర లేచే పుండు మామూలు పుండు కాదని, అది మసి వల్ల వచ్చే క్యాన్సర్ అని పెర్సివల్ పాట్ అనే శస్త్రవైద్యుడు 1775లోనే రాసిపెట్టాడు. తొందరపాటు జాతి ఏదైనా అయితే ఆ ఏడాదే ఆ పని మాన్పించేది. బ్రిటన్ 1788లో ఒక చట్టం చేసి, ఎనిమిదేళ్ళు నిండనివాళ్ళను పనిలో పెట్టుకోరాదని చెప్పి ఊరుకుంది. చట్టం వచ్చింది గానీ, దాన్ని అమలు చేయడానికి మనిషిని పెట్టలేదు.

1803లో జార్జ్ స్మార్ట్ అనే ఆయన పిల్లల అవసరం లేకుండా గొట్టాన్ని శుభ్రం చేసే పొడవాటి కర్రల బ్రష్షును తయారుచేశాడు. వంకరలు తిరిగిన తమ భవనాల గొట్టాల్లో బ్రష్షు తిరగదనీ, పిల్లవాడైతే తిరుగుతాడనీ ఇళ్ళవాళ్ళు కనిపెట్టారు. 1819లో పిల్లలను ఎక్కించడాన్ని నిషేధించే బిల్లు జనం ఎన్నుకునే కామన్స్ సభ దాటి, వంశపారంపర్య ప్రభువులూ బిషప్పులూ కూర్చునే ప్రభువుల సభకు వచ్చినప్పుడు, ఇలాంటి సంస్కరణలను ప్రజల నైతిక బుద్ధికే వదిలేయాలని లాడర్‌డేల్ ప్రభువు వాదించగా సభ బిల్లును తోసిపుచ్చింది. ప్రజల నైతిక బుద్ధికి ఆ తరువాత కూడా బోలెడంత వ్యవధి ఇచ్చారు. 1834లో ఒక చట్టం, 1840లో ఇరవై ఒక్కేళ్ళలోపు ఎవరినీ గొట్టం ఎక్కించరాదని ఇంకొక చట్టం, అది ఎవరికీ పట్టనందున 1864లో జరిమానాలు పెంచి మరొక చట్టం వచ్చాయి. చివరికి 1875లో కేంబ్రిడ్జ్ దగ్గర ఫుల్‌బోర్న్ ఆసుపత్రి గొట్టంలో జార్జ్ బ్రూస్టర్ అనే పదకొండేళ్ళ పిల్లవాడు ఇరుక్కుపోతే గోడ పగలగొట్టి బయటికి తీశారు. కొద్దిసేపటికే ప్రాణం పోయింది. ఎక్కించిన యజమానికి ఆరు నెలల కఠిన శిక్ష పడింది. లైసెన్సు పోలీసుల చేతిలో పెడుతూ ఆ ఏడాదే చేసిన చట్టంతో ఆచారం అంతరించింది. వైద్యుడి రాత నుంచి చివరి చట్టం దాకా సరిగ్గా నూరేళ్ళు. ఇంత గుండ్రటి అంకె రావడానికి ఎంతమంది ప్రభువులు ఎన్ని ఉపన్యాసాలిచ్చారో ఆలోచించండి.

ఓటు హక్కు విషయంలోనూ ఇదే నిగ్రహం కనిపిస్తుంది. సాల్స్‌బరీ పట్టణానికి దగ్గర్లో ఓల్డ్ సేరమ్ అనే గడ్డి మిట్ట ఉంది. ఒకప్పుడు అక్కడ కోట, చర్చి, ఊరు ఉండేవి. ఊరు కిందికి దిగిపోయి శతాబ్దాలు గడిచినా, పార్లమెంటుకు ఇద్దరు సభ్యులను పంపే హక్కు మాత్రం మిట్ట మీదే ఉండిపోయింది. 1831 నాటికి అక్కడ ఓటర్లు 11 మంది; అందులో ఒక్కరైనా అక్కడ కాపురం ఉండేవారు కారు. పోలింగ్ ఒక చెట్టు కింద జరిగేది. సఫోక్ తీరంలోని డనిచ్ ఊరిని సముద్రం చాలావరకు మింగేసినా దానికీ ఇద్దరు సభ్యులుండేవారు. లక్షకు పైగా జనంతో కిటకిటలాడే మాంచెస్టర్‌కు మాత్రం సొంత సభ్యుడంటూ ఎవరూ లేరు. దీన్ని లోపమని వెక్కిరించేవారు జనం లేని నియోజకవర్గంలోని సౌలభ్యాన్ని గమనించరు. అక్కడ రోడ్డు వేయిస్తానని హామీ ఇవ్వనక్కర్లేదు, ఇచ్చినా వచ్చి నిలదీసేవాడు ఉండడు.

ఆ మిట్టతో మనకూ కొంత చుట్టరికం ఉంది. దాన్ని కొనుక్కున్న థామస్ పిట్ ఆ తరువాత 1698 నుంచి 1709 దాకా మద్రాసు కోటలో గవర్నరుగిరీ వెలగబెట్టాడు. గోల్కొండ గనుల నుంచి వచ్చిన 400 క్యారెట్లకు పైబడ్డ వజ్రాన్ని కొని, ఇంగ్లండులో సానబట్టించి, 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధికి అమ్మి వంశాన్ని నిలబెట్టాడు. ఆయన మనుమడు విలియం పిట్ 1735లో ఓల్డ్ సేరమ్ తరఫునే పార్లమెంటులో అడుగుపెట్టి ప్రధానమంత్రి స్థాయికి ఎదిగాడు. కృష్ణా తీరపు గని కూలీలకు ఇంగ్లండు రాజకీయాల్లో ఓటు లేకపోయినా పెట్టుబడి మాత్రం ఉందన్నమాట. మునిమనుమడైన చిన్న పిట్ ప్రధానిగా ఉండగా 1785లో ఇలాంటి 36 నియోజకవర్గాలను ఎత్తేద్దామని, వాటి యజమానులకు పది లక్షల పౌండ్లు నష్టపరిహారంగా ఇద్దామని ప్రతిపాదించాడు. సభ ఒప్పుకోలేదు. డబ్బుకు లొంగని మనుషులు!

1819 ఆగస్టు 16న మాంచెస్టర్‌లోని సెయింట్ పీటర్స్ మైదానంలో అరవై వేలమంది కూడి ఓటు అడిగినప్పుడు వారిపైకి గుర్రపు దళాన్ని తోలారు. పదిహేను, పద్ధెనిమిది మంది దాకా చనిపోయారు, వందలమంది గాయపడ్డారు. రాజు తరఫున ఇంగ్లండును ఏలుతున్న యువరాజు మేజిస్ట్రేట్లకు కృతజ్ఞతలు పంపాడు. వక్తగా వచ్చిన హెన్రీ హంట్‌కు రెండున్నరేళ్ళ జైలు పడింది. పార్లమెంటరీ వ్యవస్థ ఇప్పుడున్న రూపంలోనే పరిపూర్ణంగా ఉందని 1830 నవంబరులో ప్రధాని వెల్లింగ్టన్ ప్రభువు సభాముఖంగా ప్రకటించాడు. రెండు వారాలకే ఆయన ప్రభుత్వం కూలింది. ఆ మరుసటి ఏడాది జనం రాళ్ళు విసిరి ఆయన ఇంటి కిటికీ అద్దాలు పగలగొడితే, ఆయన అభిప్రాయం మార్చుకోకుండా కిటికీలకు ఇనుప తలుపులు బిగించుకున్నాడు.

1831 అక్టోబరులో, ఇలాంటి ఖాళీ ఊళ్ళ సీట్లు తీసేసి ఓటు హక్కును పెంచే సంస్కరణ బిల్లును ప్రభువుల సభ 41 ఓట్ల తేడాతో ఓడించింది. వ్యతిరేకించినవారిలో బిషప్పులే 21 మంది ఉన్నారు. ఆ 21 మందీ అటునుంచి ఇటు మారి ఉంటే ఒక్క ఓటుతో బిల్లు గట్టెక్కేది. పరలోక రాజ్యంలో అందరికీ చోటుందని బోధించేవారు ఇహలోకపు పోలింగ్ కేంద్రం దగ్గర ఎంత జాగ్రత్తగా ఉండాలో అలా ఉన్నారు. బ్రిస్టల్‌లో అల్లరిమూకలు బిషప్పు నివాసాన్నే తగలబెట్టాయి. కొత్త ప్రభువులను సృష్టించైనా బిల్లు నెగ్గిస్తానని రాజు ఒప్పుకున్నాక గానీ సభ దారికి రాలేదు. ఇంత రభస తరువాత 1832 జూన్‌లో వచ్చిన చట్టంతో ఇంగ్లండు, వేల్స్‌లలో వయసొచ్చిన మగవాళ్ళలో అయిదుగురికి ఒకరి చొప్పున ఓటు దక్కింది. కొండను తవ్వి ఎలుకను పట్టారని సణిగేవారు ఆ ఎలుక కోసం ఎన్ని కొండలు అడ్డం పెట్టారో లెక్కలోకి తీసుకోరు.

నష్టపరిహారమనే ఆలోచన 1785లో వీగిపోయినా వృథా కాలేదు. 1833లో బానిసత్వాన్ని రద్దు చేస్తూ రెండు కోట్ల పౌండ్లు, అంటే ప్రభుత్వ వార్షిక వ్యయంలో దాదాపు నలభై శాతం, పరిహారంగా చెల్లించారు. బానిసలకు కాదు, యజమానులకు. ఎనిమిది లక్షల మంది మనుషులనే ఆస్తిని పోగొట్టుకున్నవారి బాధ గుర్తించారు గానీ, ఆ ఎనిమిది లక్షల మంది ఏం పోగొట్టుకున్నారో అంచనా కట్టే గుమాస్తా దొరకలేదు. పైగా విడుదలైనవారు ‘అప్రెంటిస్‌లు’గా వారానికి నలభై అయిదు గంటలు పాత యజమానికే ఊరికే పనిచేసి స్వేచ్ఛ నేర్చుకోవాలన్నారు, ఆ పాఠశాల 1838లో మూతపడింది. ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని ప్రాంతాలను ఈ చట్టం నుంచి మినహాయించారు కనుక మన దేశంలో 1843 దాకా ఆ తొందర లేకపోయింది. బానిసల విడుదలతో చెరకు తోటలకు కూలీలు కరవైనప్పుడు మారిషస్‌కు ఓడలెక్కించినవారిలో తెలుగువాళ్ళూ ఉన్నారు. యజమానులకు ఇవ్వడానికి చేసిన అప్పు 2015లో పూర్తిగా తీరింది. విడుదలైనవారి మునిమనుమల మనుమలు సైతం బ్రిటన్‌లో పన్నులు కట్టి, తమ పూర్వీకుల విలువను పూర్వపు యజమానులకు చెల్లించే భాగ్యానికి నోచుకున్నారు.

ఆ 1833లోనే ఫ్యాక్టరీల చట్టమూ వచ్చింది. తొమ్మిదేళ్ళ లోపు పిల్లలను బట్టల మిల్లుల్లో పెట్టకూడదన్నారు, పట్టు మిల్లులను మాత్రం మినహాయించారు. వేల మిల్లులను తనిఖీ చేయడానికి దేశం మొత్తానికి నలుగురు ఇన్‌స్పెక్టర్లను నియమించారు. ఖాళీల భర్తీలో మన ప్రభుత్వాలు నేర్చుకోవలసినది ఇంకా ఉంది.

1832 చట్టంతో ఓటు దక్కని కార్మికులు నడిపిన ఉద్యమకారులే చార్టిస్టులు; వారు అడిగినవి ఆరు కోరికలు. మగవారందరికీ ఓటు, రహస్య బ్యాలెట్, సభ్యులకు జీతం వగైరా. 1848 ఏప్రిల్ 10న లండన్ కెన్నింగ్టన్ మైదానంలో సభ పెట్టి, 57 లక్షల సంతకాల అర్జీ తెచ్చామన్నారు. వారిని ఎదుర్కోవడానికి రాణిగారిని ఐల్ ఆఫ్ వైట్ ద్వీపానికి పంపించి, నగర రక్షణను డెబ్బై ఎనిమిదేళ్ళ వెల్లింగ్టన్‌కు అప్పగించారు. ఊరేగింపుకు థేమ్స్ దాటే అనుమతి లేనందున అర్జీ మూడు బాడుగ గుర్రపు బండ్లలో పార్లమెంటుకు చేరింది. గుమాస్తాలు కూర్చుని లెక్కపెట్టి, సంతకాలు 57 లక్షలు కావు, 19 లక్షల 75 వేలేనని, అందులో రాణిగారి పేరు, ‘చప్పిడిముక్కు’ వంటి మారుపేర్లు, సాక్షాత్తూ వెల్లింగ్టన్ ప్రభువు సంతకం కూడా ఉన్నాయని తేల్చారు. సభ కడుపుబ్బ నవ్వింది. దొంగ సంతకాలు తీసేయగా మిగిలిన లక్షల మంది ఏమడిగారన్నది ఆ నవ్వులో ఎవరికీ వినపడలేదు. ఆ ఆరు కోరికల్లో అయిదు 1918 నాటికి తీరిపోయాయి. ఏటేటా ఎన్నికలు పెట్టాలన్న ఆరోది ఒక్కటే ఇంకా సురక్షితంగా ఉంది.

రహస్య బ్యాలెట్ మగతనం కాదని, ఓటు వేసేవాడు భూస్వామి కళ్ళెదుటే నోరు తెరిచి పేరు చెప్పాలని నలభై ఏళ్ళ పాటు వాదించారు. 1872 ఆగస్టులో పాంట్‌ఫ్రాక్ట్ ఉప ఎన్నికలో తొలిసారి రహస్యంగా ఓటు వేసినప్పుడు, పెట్టెకు లక్క సీలు వేయడానికి ఆ ఊరి అతిమధురం బిళ్ళల కర్మాగారపు ముద్రనే వాడారు. మిఠాయి ముద్రతోనే పని జరిగిపోయిందంటే, ఖర్చు కారణంగా ఆలస్యమైందని అనడానికి కూడా వీల్లేదు.

స్త్రీల విషయంలో 1832 చట్టం ‘పురుష వ్యక్తి’ అని స్పష్టంగా రాసి అనుమానాలకు తావు లేకుండా చేసింది. సభను చూడాలనుకునే స్త్రీలకు ఒక గ్యాలరీ కేటాయించి, దానికి లోహపు జాలీ బిగించారు. 1908లో ఇద్దరు స్త్రీలు ఆ జాలీకి గొలుసులతో తమను బంధించుకోవడంతో, వారిని బయటికి తేవాలంటే జాలీని కూడా ఊడదీసి తేవలసి వచ్చింది. 1918లో ముప్పై ఏళ్ళు నిండిన, ఆస్తి అర్హత ఉన్న స్త్రీలకు ఓటిచ్చారు. యుద్ధంలో మగవాళ్ళు పోయినందున, అందరికీ ఇస్తే ఓటర్లలో ఆడవాళ్ళదే పైచేయి అవుతుందని భయం. 1921లోనే మద్రాసు రాష్ట్రంలో, అంటే మన కోస్తా, సీమ జిల్లాల్లో కూడా, స్త్రీలకు పురుషులతో సమానమైన అర్హతలపై శాసనమండలి ఓటు లభించింది. ఇంగ్లండు స్త్రీలకు ఆ సమానత్వం 1928లో వచ్చింది. అదే 1928లో, భారతీయులు ఎంత పాలనకు తగుదురో తేల్చడానికి భారతీయుడంటూ ఒక్కడూ లేని సైమన్ కమిషన్ మన దేశానికి వచ్చింది. మద్రాసులో ప్రకాశం పంతులుగారు తుపాకుల ముందు రొమ్ము చూపించి అర్హత పరీక్షను తొందరపెట్టారు. నేర్పుగా ఆలస్యం చేయడాన్ని అర్థం చేసుకునే ఓర్పు మనవాళ్ళకు లేదు.

అయితే ఈ విద్యకు పీఠస్థానం ప్రభువుల సభే. ఇతరుల సంస్కరణలను ఆపినవారు ఎందరో ఉండవచ్చు గానీ, తమ సంస్కరణనే తాము ఆపుకోవడంలో ఆ సభకు సాటి లేదు. వంశపారంపర్య సభ స్థానంలో ప్రజాబలం గల సభను ఏర్పాటు చేయాలనుకుంటున్నట్టు, ఆ సభ అధికారాలను తగ్గించిన 1911 చట్టం పీఠికలోనే రాశారు. ఎనభై ఎనిమిదేళ్ళు ఆలోచించి, 1999లో వంశపారంపర్య ప్రభువులను తొలగించారు, తాత్కాలికంగా 92 మందిని ఉంచి. ఆ తాత్కాలికులకు వీడ్కోలు చెప్పే బిల్లు 2024లో వచ్చింది. నడుమ వారిలో ఎవరైనా చనిపోతే ఖాళీకి ఉప ఎన్నిక జరిపేవారు. 2016లో లిబరల్ డెమొక్రాట్ల పార్టీ కోటాలో అలాంటి ఖాళీ వస్తే పోటీకి ఏడుగురు దిగారు; ఓటర్లు ముగ్గురు. పోలింగ్ నూటికి నూరు శాతం. థర్సో ప్రభువు మూడింటికి మూడు ఓట్లతో ఘనవిజయం సాధించారు. ఆ ఎన్నిక ప్రాధాన్యక్రమంలో అంకెలు వేసే పద్ధతిలో జరిగిందన్నది గమనించదగ్గ విషయం. అదే పద్ధతిని కామన్స్ సభ ఎన్నికలకు తేవాలా అని 2011లో దేశమంతటినీ అడిగితే, అది మరీ చిక్కు లెక్క, బోలెడు ఖర్చు అని ప్రచారం సాగి, ఓటేసినవారిలో మూడింట రెండు వంతులకు పైగా వద్దన్నారు. ముగ్గురు ప్రభువులు మాత్రం ఒక్క ఓటైనా చెల్లకుండా పోనివ్వలేదు.