షేరెంతో చెప్పండి, సినిమా ఎవడిక్కావాలి

తిరుపతిలో ఎవర్నయినా సినిమా ఎట్లా ఉందని అడిగి చూడండి. బాగుందనో బాగాలేదనో చెప్పే అమాయకులు ఇప్పుడు దొరకరు. సీడెడ్‌లో అంటే రాయలసీమలో మొదటి రోజు షేరెంతో చెబుతారు. నైజాంలో అంటే తెలంగాణలో ఎంత, ఉత్తరాంధ్రలో ఎంత, ఓవర్సీస్‌లో ఎంత, బ్రేక్ ఈవెన్‌కి ఇంకెంత రావాలి, అన్నీ నోటికే. లీలామహల్ సర్కిల్ దగ్గర టీ తాగే కుర్రాడికి ఆ కొట్లో తన బాకీ ఎంతో తెలియదు. కర్నూలు నుంచి చిత్తూరు దాకా ఏ సెంటర్‌లో ఎంత రాలిందో మాత్రం పైసలతో సహా అప్పజెబుతాడు. మొన్న అలాంటి ఒకడిని ఆపి, ఇంతకీ ఎట్లా ఉందబ్బా అన్నాను. "గ్రాసా, నెట్టా అన్నా?" అన్నాడు.

ఇతన్ని తేలిగ్గా తీసేయకండి. టికెట్ల మీద వచ్చిన మొత్తం గ్రాస్, అందులో జీఎస్టీ పోతే నెట్, హాలు అద్దె కూడా పోను మిగిలింది డిస్ట్రిబ్యూటర్ షేర్. అందులో ఇతనికి రూపాయి రాదు. నిర్మాత మునిగినా తేలినా ఇతని టికెట్ డబ్బులు వెనక్కి రావు. అయినా పరాయివాడి లాభం కోసం రాత్రంతా నిద్ర మానుకుని టెన్షన్ పడుతున్నాడంటే, ఫలితం ఆశించకుండా కర్మ చేయమన్న భగవంతుడి మాటను ఈ కలియుగంలో ఆచరిస్తున్నది ఇతనొక్కడే.

కాబట్టి హాళ్లవాళ్లకు నాదొక మనవి. ఇంకా సినిమాలు వేయడం ఎందుకు? తెర మీద లెక్కలే వేయండి. హీరో ఎంట్రీ దగ్గర ఓపెనింగ్ గ్రాస్ పడాలి, కాగితాలు ఎగరాలి. ఇంటర్వెల్‌కి ముందు జీఎస్టీ రావాలి. విలన్ కదా, దానికి ఎర్ర లైటు, ఢమఢమ మ్యూజిక్ పెట్టండి. క్లైమాక్స్‌లో బ్రేక్ ఈవెన్ దాటగానే జనం కుర్చీలెక్కి ఊగుతారు. పాటలక్కర్లేదు, హీరోయిన్ అసలే అక్కర్లేదు. ఆవిడ ఉందన్న సంగతి ఇప్పటికీ ఎవరూ గమనిస్తున్నట్టు లేదు.

కుర్రాళ్లే ఇట్లా చెడిపోయారని పెద్దవాళ్లు మీసాలు తిప్పుకోనక్కర్లేదు. వాళ్ల జాతకాలూ నాకు తెలుసు. వాళ్లది వంద రోజుల లెక్క. ఎన్ని కేంద్రాల్లో ఆడింది, అందులో ఒకే హాల్లో ఆడిన డైరెక్ట్ ఎన్ని, హాళ్లు మార్చి ఆడించిన షిఫ్టింగ్ ఎన్ని. నలభై ఏళ్ల కిందటి గొడవలకు ఇప్పటికీ రాజీ కుదరలేదు.

ఈ రెండు తరాలూ ఒకే గదిలో పడితే ఏమవుతుందో కొండమీద సర్వదర్శనం క్యూలో చూశాను. వైకుంఠం కాంప్లెక్స్‌లో ఒక కంపార్ట్‌మెంట్. సెల్‌ఫోన్లన్నీ కింద డిపాజిట్ కౌంటర్‌లో ఉన్నాయి. అంటే ఎవరేం చెప్పినా తప్పని నిరూపించే సాధనం ఆ గదిలో లేదు. అభిమానికి ఇంతకంటే స్వర్గం ఉంటుందా? గడ్డం కుర్రాడొకడు, పంచె కట్టిన పెద్దాయనొకడు పక్కపక్కన కూర్చున్నారు. పాలు వచ్చాయి, ఉప్మా వచ్చింది, గేటు మాత్రం తెరుచుకోలేదు. మాటలు 'మాయాబజార్' మీదికి మళ్లాయి.

"అప్పట్లో వంద రోజులు ఎన్ని సెంటర్లలో ఆడిందో తెలుసునా నీకు?" అన్నాడు పెద్దాయన.

"టికెట్ రేటు ఇప్పటి లెక్కకి మార్చి చూడాల మామా. అయినా ఇప్పుడు చూస్తే ఆ పాండవుల సీన్లన్నీ ల్యాగే."

పెద్దాయనకు పౌరుషం పొడుచుకొచ్చింది. "పాండవుల సీన్లు ల్యాగా? ధర్మరాజు కంటతడి పెట్టే సీనులో హాలంతా ఏడ్చింది. నేనూ ఏడ్చినా."

1957లో వచ్చిన ఆ సినిమాలో పాండవులు ఒక్క ఫ్రేములో కూడా కనపడరు. కథంతా పాండవుల ఇంటి పెళ్లి చుట్టూ తిప్పి, ఆ అయిదుగుర్నీ చూపించకుండానే నడిపించాడు కె.వి. రెడ్డి. తెలుగువాళ్లు తరతరాలుగా చెప్పుకునే విశేషం అది. కానీ ఆ గదిలో భీముడి మేకప్ మీద పావుగంట చర్చ జరిగింది. అర్జునుడికి ఇంకో పాట పెట్టి ఉండాల్సిందని మూడోవాడెవడో సర్దిచెప్పాడు. నకుల సహదేవుల్ని సరిగ్గా వాడుకోలేదన్న దగ్గర అందరూ ఏకమయ్యారు. మధ్యమధ్యలో ఎవరో గోవిందా అనగానే అందరూ గోవిందా అని, మళ్లీ షేర్ దగ్గరికి వచ్చేవారు.

అప్పటిదాకా పెద్దమ్మ ఒకావిడ గోడకానుకుని అంతా వింటోంది. "అంత బాగుంటుందా నాయినా? కథేందో చెప్పు, పొద్దుపోతాది" అంది.

కుర్రాడు పెద్దాయన్ని చూశాడు. పెద్దాయన గేటు వైపు చూశాడు. స్వామివారు కాపాడారు, అప్పుడే గేటు తీశారు.

నవ్వుకోవడం ఇంతవరకే. నాకు మండేది వేరే చోట. తిరుపతి మొన్నటిదాకా ఉన్న పాత జిల్లా పేరును ఇంటిపేరుగా మోసిన మనిషి ఒకడున్నాడు, చిత్తూరు నాగయ్య. పుట్టింది గుంటూరు వైపు. చిత్తూరు నాటకాల్లో వేషాలు కట్టి ఆ పేరు తెచ్చుకున్నాడు. పోతనగా, 1946లో త్యాగయ్యగా, 1947లో వేమనగా తెర మీద నిలబడ్డాడు. నటించాడు, పాడాడు, 'త్యాగయ్య'కు దర్శకుడూ తనే. 1965లో పద్మశ్రీ ఇచ్చారు. చేతికి ఎముక లేని మనిషి, సంపాదించిందంతా అడిగినవాడికల్లా ఇచ్చి, చివర్లో డబ్బుకు ఇబ్బంది పడుతూ 1973లో పోయాడు. మీ షేర్ లెక్కలో ఆ జీవితం డిజాస్టర్, అంతేనా? పరాయి హీరో ఆస్తి కోసం ఒకరి చొక్కా ఒకరు చింపుకునే మీరు, చిత్తూరు బస్టాండులో నిలబడి ఆయన సినిమాలు మూడు చెప్పండి చూద్దాం. మూడొద్దు, ఒకటి చెప్పండి. సిగ్గుండాలి.

1932లో విడుదలైన మన తొలి పూర్తి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' ప్రింటు ఒక్కటి కూడా మిగల్లేదు. అది పోయిందని బాధపడిన అభిమాని నాకింతవరకు తగల్లేదు. మొదటి రోజు కలెక్షన్ కాగితం దొరికిందంటే మాత్రం ఊరంతా ఫ్లెక్సీలు కట్టి పాలాభిషేకం చేస్తారు, ఆ కాగితం నానిపోయేదాకా.

వచ్చే శుక్రవారం ఇంకో పెద్ద సినిమా ఉంది. హాల్లోంచి బయటికి వచ్చి ఎక్కడ నవ్వాడో, ఎక్కడ కళ్లు తుడుచుకున్నాడో, ఎక్కడ నిద్రపోయాడో చెప్పేవాడెవడైనా ఉంటే లీలామహల్ దగ్గర టీ నేను ఇప్పిస్తా, కావాలంటే రెండు సమోసాలు కూడా. షేర్ మాట ఎత్తాడా, బిల్లు వాడిదే. పాత బాకీతో సహా.