పిక్క ఒలిచిన చేతికి వేలిముద్ర ఏది?

జపాన్ వాళ్లకు రోబోలంటే ముద్దు, జర్మన్లకు కెమెరా అంటే అనుమానం, మన శ్రీకాకుళం వాళ్లకు కొత్తదేదైనా భయం. టెక్నాలజీ మీద మాట మొదలైతే చాలు, ఈ మూడు ముక్కలూ వరసగా వచ్చేస్తాయి. మొదటి రెండూ 'సంస్కృతి' అట. మూడోదానికొచ్చేసరికి అది 'వెనుకబాటుతనం' అయిపోతుంది.

సంస్కృతి మాటలో పస లేదని కాదు. పాడైన ఐబో రోబో కుక్కలకు గుడిలో అంత్యక్రియలు చేసిన దేశం జపాన్. గూగుల్ స్ట్రీట్ వ్యూ వస్తోందంటే 2010లో 2.44 లక్షల ఇళ్లవాళ్లు మా ఇల్లు కనపడకుండా చెయ్యండన్న దేశం జర్మనీ. సరే, మరి ఫుకుషిమా అణు ప్రమాదం తర్వాత తనిఖీకి ఆపిన అణు రియాక్టర్లను మళ్లీ నడపడానికి జనం ససేమిరా అనడంతో, 2012 మే నాటికి ఆ జపాన్‌లోనే ఒక్కటీ తిరగలేదే! ఏడాదిలో సంస్కృతి మారిపోయిందా?

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ జాలరి జీపీఎస్ చూసుకుని వేటకెళ్తాడు, చేపల డబ్బు ఫోన్‌పేలో తీసుకుంటాడు. అతను వద్దన్నది తన ఒడ్డున పెడతామన్న 1,208 మెగావాట్ల అణు రియాక్టర్లు ఆరింటిని. తేడా వస్తే నష్టపోయేది ఎవరని అడిగాడు. సరిగ్గా ఆ ప్రశ్నే రియాక్టర్లు అమ్మే విదేశీ కంపెనీలూ అడిగాయి. 2010 అణు పరిహార చట్టంలో ప్లాంటు నడిపే ఆపరేటర్ బాధ్యతకు 1,500 కోట్ల పరిమితి పెట్టినా, యంత్రాలిచ్చినవాణ్నీ నిలదీయవచ్చన్న 17వ సెక్షన్ మీద ఏళ్లతరబడి పేచీ పెట్టాయి. తన యంత్రానికి తాను పూచీ పడనన్నవాడిది వ్యాపార దక్షత, పక్కన కాపురం ఉండాల్సినవాడిది మాత్రం అజ్ఞానం!

పలాస వెళ్లి రేషన్ దగ్గర నిలబడండి. జీడిపిక్కలు ఒలిచి ఒలిచి, జీడికి చర్మం కాలిన బొటనవేలు వేలిముద్ర మెషిన్ మీద పెడుతుంది ఒకావిడ. ఎర్ర లైటు. కొంగుకు తుడిచి మళ్లీ పెడుతుంది. 'ఇంకో ఏలెట్టమ్మా' అంటాడు డీలరు. ఆవిడ మెషిన్ వద్దనలేదు, మెషినే ఆవిణ్ని కాదంది. అయినా ఆ పూట కూలి పోయేది ఆవిడదే.

అసలు అడిగే తీరులోనే ఉంది తిరకాసు. ప్రజాభిప్రాయ సేకరణకు వచ్చే పర్యావరణ నివేదికలో తెలుగులో దొరికేది సారాంశం. వందల పేజీల అసలు నివేదిక ఇంగ్లిషులో ఉంటుంది. చదవడానికి వీల్లేని కాగితం ముందు పెట్టి, టెంటు వేసి, మైకిచ్చి, అభిప్రాయం చెప్పమంటారు. చెప్పింది నచ్చకపోతే, వీళ్లకు అవగాహన లేదని రాసుకుని కార్లెక్కుతారు.